నల్లద్దం లేని వెల్డింగ్

ఆశీల్‌మెట్ట నుంచి సిరిపురం మీదుగా ఎంవీపీ కాలనీ దాకా బండి మీద వెళ్తూ బోర్డులు చదవడం నాకు అలవాటు. ఒకప్పుడు ఈ దారిలో ఎక్కువగా కోచింగ్ సెంటర్ల బోర్డులుండేవి, ర్యాంకులొచ్చిన పిల్లల ఫొటోలతో. ఇప్పుడు వాటి పక్కనే ఒక నున్నటి మొహం, దాని కింద మూడు మాటలు. పెయిన్‌లెస్. పర్మనెంట్. సేఫ్ ఫర్ ఆల్ స్కిన్ టైప్స్. నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, ఖాళీ దొరికితే కథల మీదా కవిత్వం మీదా నాలుగు ముక్కలు రాసేవాణ్ణి. డాక్టర్ని కాను. కాబట్టి ఈ మూడు మాటల్నీ ఒక రచనని చదివినట్టే చదువుతాను. అలా చదివితే మొదటిది అతిశయోక్తి, రెండోది తప్పుడు అనువాదం, మూడోది అబద్ధం. మొదటి రెండూ తొందరగా తేలిపోతాయి. మూడోదాని దగ్గర ఆగాలి.

ముందు నొప్పి సంగతి. చేయించుకున్నవాళ్ళు చాలామంది రబ్బరు బ్యాండు లాగి వదిలినట్టుంటుందంటారు. అది తెలీకుండా మత్తు క్రీము రాస్తారు. క్రీమే కదా అని ఎవరూ పట్టించుకోరు. 2007లో అమెరికా ఎఫ్‌డీఏ ఒక హెచ్చరిక జారీ చేసింది. 22, 25 ఏళ్ళ ఇద్దరమ్మాయిలు లేజర్‌కి ముందు కాళ్ళ నిండా గాఢమైన మత్తు క్రీము పట్టించి, పైన ప్లాస్టిక్ చుట్టుకున్నారు. మందు రక్తంలోకి ఎక్కి, ఫిట్స్ వచ్చి, కోమాలోకి వెళ్ళి చనిపోయారు. నొప్పి లేకుండా చెయ్యడం కూడా వైద్యమే, దానికీ మోతాదుంటుంది. పైగా నొప్పి మనకి పనికొచ్చే సమాచారం. సెట్టింగ్ ఎక్కువైందని అందరికంటే ముందు చెప్పేది అదే.

ఇక పర్మనెంట్. వెంట్రుకలు తీసే లేజర్లకి ఎఫ్‌డీఏ ఒప్పుకున్న మాట ‘శాశ్వతంగా తగ్గించడం’. అంటే కొన్ని సెషన్ల తర్వాత తిరిగి మొలిచే వెంట్రుకల లెక్క తగ్గి, ఆ తగ్గుదల చాలాకాలం నిలబడటం. తగ్గడం వేరు, పోవడం వేరు. సముద్రం దాటి మన కరపత్రాల్లోకి వచ్చేసరికి అది ‘శాశ్వత నిర్మూలన’ అయింది. నిర్మూలన అనే మాటని మనం మశూచికి వాడాం, పోలియోకి వాడాం. గడ్డం కింద నాలుగు వెంట్రుకలకి వాడితే భాషకి కూడా అన్యాయమే. నెరిసిన వెంట్రుక మీద ఈ లేజర్ పనిచెయ్యదని, సన్నటి నూగు మీద సరిగా పనిచెయ్యదని ఆ కరపత్రంలో ఎక్కడా ఉండదు.

ఇప్పుడు మూడో మాట. అన్ని రకాల చర్మాలకీ సురక్షితం.

లేజర్‌కి వెంట్రుక కనపడదు. దానికి కనపడేది నలుపు. వెంట్రుకలో ఉన్న మెలనిన్ ఆ కాంతిని పీల్చుకుని వేడెక్కుతుంది, ఆ వేడికి వెంట్రుక కుదురు దెబ్బతింటుంది. మొత్తం కిటుకు ఇంతే. 1983లో రాక్స్ ఆండర్సన్, జాన్ పారిష్ అనే ఇద్దరు అమెరికన్ డాక్టర్లు ‘సైన్స్’ పత్రికలో దీని లెక్కంతా రాశారు. కాంతి తరంగదైర్ఘ్యాన్నీ, అది పడే సమయాన్నీ సరిగ్గా ఎంచుకుంటే, పక్కనున్న కండని వదిలేసి అనుకున్నదాన్ని మాత్రమే కాల్చొచ్చు అని. అద్భుతమైన ఆలోచన. పుట్టుకతో మొహం మీద వచ్చే ఎర్రటి మచ్చలకి ఇవాళ లేజర్ చికిత్స ఉందంటే దాని చలవే. వెంట్రుకల విషయంలో మాత్రం ఆ లెక్క బాగా కుదరాలంటే ఒక షరతుంది. వెంట్రుక నల్లగా ఉండాలి, చర్మం తెల్లగా ఉండాలి. తెల్ల కాగితం మీద నల్ల సిరా అన్నమాట. మన దగ్గర కాగితమే గోధుమరంగు. కుదురు దాకా వెళ్ళాల్సిన కాంతి ముందు పైచర్మం లోంచి పోవాలి, అక్కడా అదే మెలనిన్ ఉంది. మిషన్‌కి ఈ నలుపూ ఆ నలుపూ ఒకటే.

అందుకని మన చర్మానికి మిషన్‌ని మార్చుకోవాలి. 755 నానోమీటర్ల అలెగ్జాండ్రైట్ లేజర్‌ని మెలనిన్ బాగా పీల్చుకుంటుంది. తెల్లవాళ్ళకి అది వరం, మనకి గండం. 1064 నానోమీటర్ల ఎన్‌డీ యాగ్ లేజర్‌ని మెలనిన్ తక్కువ పీల్చుకుంటుంది, అది లోతుకి దిగుతుంది. ముదురు రంగు చర్మానికి ఉన్నవాటిలో కాస్త నమ్మదగింది అదే. మధ్యలో 800 నానోమీటర్ల చుట్టూ డయోడ్ లేజర్ ఉంది. పల్స్ నిడివి పెంచి, పైచర్మాన్ని గట్టిగా చల్లబరుస్తూ, తక్కువ శక్తితో మొదలుపెడితే పనికొస్తుంది. ఇవి కాక ఐపీఎల్ అని ఒకటుంది. అది అసలు లేజరే కాదు. చాలా తరంగదైర్ఘ్యాలు కలిసిన ఫ్లాష్ లైటు, ముందు ఒక ఫిల్టరు. పార్లర్లలో దాన్నీ లేజర్ అనే పిలుస్తారు.

చర్మానికి రకాలు పెట్టిన కథ కూడా తెలుసుకోవాలి. హార్వర్డ్ డాక్టర్ థామస్ ఫిట్జ్‌పాట్రిక్ 1975లో ఈ కొలత తయారుచేశాడు. సోరియాసిస్‌కి అతినీలలోహిత కాంతితో వైద్యం చేసేటప్పుడు ఎవరికి ఎంత మోతాదు ఇవ్వాలో తేల్చుకోడానికి, తెల్లవాళ్ళని ‘ఎండలో నిలబడితే కందిపోతావా, నల్లబడతావా’ అని అడిగి నాలుగు రకాలు చేశాడు. గోధుమరంగుకి ఐదు, నలుపుకి ఆరు అని తర్వాత చేర్చారు. అంటే తెల్లదనంలో నాలుగు తేడాలు చూసిన కొలత, మిగతా లోకానికి రెండు గళ్ళు ఇచ్చి ఊరుకుంది. మన ఫోన్లో బొటనవేలి ఎమోజీకి రంగు మార్చుకుంటాం చూడండి, 2015లో యూనికోడ్ వాళ్ళు తెచ్చిన ఆ ఐదు రంగులూ ఈ కొలత లోంచి వచ్చినవే, మొదటి రెండింటినీ ఒకటి చేసి. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఈ జబ్బు బాగా తెలుసు. డిఫాల్ట్ ఎవరిని చూసి పెడితే సిస్టమ్ వాళ్ళదవుతుంది, మిగిలినవాళ్ళంతా ‘ఎడ్జ్ కేసు’. భారతీయుల్లో ఎక్కువమంది నాలుగు, ఐదు గళ్ళలోకి వస్తారు. అనకాపల్లి నుంచి ఇచ్ఛాపురం దాకా బస్సెక్కి చూడండి, ఎడ్జ్ కేసులే బస్సు నిండా.

కాబట్టి ‘సేఫ్ ఫర్ ఆల్ స్కిన్ టైప్స్’ అనే వాక్యంలో కర్త లేడు. ఎవరు చేస్తే? ఏ మిషన్‌తో? ఏ సెట్టింగ్‌లో? ఎంత చల్లబరిచి? అవన్నీ చెబితే ఆ వాక్యం నిజం కావొచ్చు. చెప్పకపోతే అది అమ్మకం మాట.

తేడా వస్తే ఏమవుతుందో కూడా బోర్డు మీద ఉండదు కదా, ఇక్కడ చెప్పుకుందాం. కాలితే అప్పటికప్పుడో మర్నాడో బొబ్బలొస్తాయి. అది అందరికీ అర్థమయ్యే ప్రమాదం. మన చర్మానికి అసలు ప్రమాదం ఆ తర్వాత మొదలవుతుంది. బొబ్బ మానాక రెండు మూడు వారాలకి ఆ చోటు నల్లబడుతుంది. గోధుమరంగు చర్మం ఏ గాయానికైనా మెలనిన్‌తోనే జవాబు చెబుతుంది. ఆ నలుపు పోవడానికి నెలలు పట్టొచ్చు, ఒక్కోసారి ఏడాది దాటొచ్చు. కొందరికి తెల్ల మచ్చలు పడతాయి, అవి ఒక్కోసారి పోవు. మంగు ఉన్నవాళ్ళకి ‘లేజర్ టోనింగ్’ అని వారం వారం చేస్తారు. మంగు పల్చబడినట్టే ఉండి, ఆపగానే ముందుకంటే ముదురుగా తిరిగొచ్చినవాళ్ళున్నారు, మొహం మీద చుక్కలు చుక్కలుగా రంగు పోయినవాళ్ళూ ఉన్నారు. అన్నిటికంటే వింతైన నష్టం ఇంకోటుంది. బుగ్గల మీదా మెడ మీదా నూగు తీయించుకోబోతే అక్కడే వెంట్రుకలు ఇంకా దళసరిగా మొలవడం. దక్షిణాసియా, మధ్యధరా ప్రాంతాల ఆడవాళ్ళలో ఇది ఎక్కువని వైద్యులు రాస్తూనే ఉన్నారు. మళ్ళీ ఆ కొత్త వెంట్రుకల్ని తీయడానికి ఇంకో ప్యాకేజీ.

మా పిన్ని కూతురుకి పీసీఓఎస్ ఉంది. ఇంటర్ నుంచీ గడ్డం కింద వెంట్రుకలు. వైశాఖంలో పెళ్ళి, చైత్రంలో ఆరు సెషన్ల ‘బ్రైడల్ ప్యాకేజీ’. ఆరు సెషన్లకి వాటి మధ్య ఉండాల్సిన వారాలు కలిపితే ఆరు నెలలవుతుంది, ఆవిడకున్నది ఆరు వారాలు. ఈ లెక్క పెద్దగా చదువుకోకపోయినా తెలుస్తుంది, అక్కడెవరూ చెప్పలేదు. సెషన్‌కి ముందు రోజు థ్రెడింగ్ చేయించుకోవద్దని కూడా చెప్పలేదు. వెంట్రుకని కుదురుతో సహా లాగేస్తే లేజర్ కాల్చడానికి లోపల నలుపేదీ మిగలదు, మిగిలింది పైచర్మంలోదే. అందుకే నెలా నెలన్నర ముందు నుంచి థ్రెడింగ్, వ్యాక్సింగ్ మానేసి షేవింగ్ మాత్రమే చేసుకోమంటారు. వేసవి ఎండ, ఋషికొండ దాకా స్కూటీ మీద ఆఫీసు. రెండో సెషన్ అయ్యాక దవడ మీద చారలు తేలాయి, హ్యాండ్‌పీస్ ఎంత వెడల్పో అంతే వెడల్పు. అది మానకముందే ఇంట్లో పెద్దవాళ్ళు శనగపిండి, పసుపు కలిపి నలుగు పెట్టారు. వాళ్ళ తప్పేముంది, వాళ్ళకెవరు చెప్పారు? పెళ్ళి ఫొటోల్లో ఆ చారల మీద మేకప్ ఎంత మందంగా ఉందో మాకు తెలుసు.

ఇక్కడే నేను మనవాళ్ళతో తగువు పెట్టుకోవాలి. మనవాళ్ళంటే ఈ పేజీలు చదివేవాళ్ళు, రాసేవాళ్ళు. అందం గురించి మనం రాసే వ్యాసాలన్నీ దాదాపు ఒకే దారిలో పోతాయి. నలుపు నారాయణ మెచ్చు అంటూ మొదలెడతాం, కృష్ణుడూ ద్రౌపదీ నల్లనివాళ్ళే అంటాం, పెళ్ళి ప్రకటనల్లో ‘చామనఛాయ’ అనే మాట ఎలా క్షమాపణగా మారిందో చెప్తాం, 1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో పేరు మార్చుకుని గ్లో అండ్ లవ్లీ అయినా లోపలి సరుకు మారలేదంటాం. అన్నీ నిజాలే. నేనూ రాశాను ఇలాంటివి. చివర్లో ‘నీ శరీరాన్ని నువ్వు ప్రేమించు’ అని ముగిస్తాం. మా చెల్లి వాటిల్లో ఒకటి చదివి నాకు మెసేజ్ పెట్టింది: “చాలా బాగుంది అన్నయ్యా. చదవడం అయిపోయాక కూడా నా గడ్డం మీద వెంట్రుకలు అక్కడే ఉన్నాయి.”

ఈ మాటకి మన దగ్గర జవాబు లేదు. రంగు పిచ్చిని ఖండించడం అవసరమే, కానీ ఖండన వల్ల ఎవరి చర్మమూ కాలకుండా ఆగలేదు. పోయేవాళ్ళు పోతూనే ఉన్నారు, ఇప్పుడు కాస్త సిగ్గుపడుతూ, ఎవరికీ చెప్పకుండా పోతున్నారు. చెప్పకుండా పోయినవాళ్ళు ఎవర్నీ ఏమీ అడగరు, కాలితే ఫిర్యాదు చెయ్యరు. చదువుకున్న స్నేహితులు ‘ఎందుకు చేయించుకున్నావ్?’ అంటారేమోనని భయం. అటు క్లినిక్ వాడు ‘మై బాడీ, మై చాయిస్’ అని మన మాటే తీసుకుని పోస్టర్ వేసుకున్నాడు. ఒకరు నీతి చెప్తారు, ఒకరు సరుకు అమ్ముతారు, మధ్యలో కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్న మనిషికి తరంగదైర్ఘ్యం ఎంతో చెప్పేవాడు లేడు. పైగా అందరూ అందం కోసమే పోరు. పీసీఓఎస్ వాళ్ళున్నారు, మొటిమల గుంటలతో పదేళ్ళుగా తల ఎత్తనివాళ్ళున్నారు, రోజూ గడ్డం గీసుకోవాల్సి వచ్చే ట్రాన్స్ ఆడవాళ్ళున్నారు. వీళ్ళకి మన వ్యాసం చెప్పేదేంటి?

సరే, ఈ ఊరికి వద్దాం. ఇది ఉక్కు నగరం, ఓడలు కట్టే ఊరు. గాజువాక ఆటోనగర్‌లో ఇనుప గేటు అతికే కుర్రాడు చెయ్యి అడ్డం పెట్టి “అటు సూడకండి బాబూ, రేత్రికి కళ్ళల్లో ఇసకోసినట్టుంటాది” అంటాడు. వాడి చేతిలో నల్లద్దం ఉంటుంది. స్టీల్ ప్లాంట్‌లో గ్యాస్ కటింగ్ మొదలెట్టాలంటే ముందు పర్మిట్ కాగితం మీద సంతకాలు పడాలి. ఏటా మార్చి 4న భద్రతా దినోత్సవం చేసి ప్రతిజ్ఞ చదివిస్తారు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ లీకై 12 మంది పోయాక, ట్యాంకు ఉష్ణోగ్రత సరిగా చూసుకోకపోతే ఏమవుతుందో మన ఊళ్ళో టీ కొట్టు దగ్గర కూడా మాట్లాడుకున్నారు. అలాంటి ఊళ్ళో, క్లినిక్‌లో వాడే లేజర్ ఎక్కువగా నాలుగో తరగతిదని, అంటే లేజర్లలో అన్నిటికంటే ప్రమాదకరమైన తరగతిదని ఎంతమందికి తెలుసు?

వెల్డింగ్ వెలుగు కనీసం కనపడుతుంది, కన్ను దానంతటదే మూసుకుంటుంది. 1064 నానోమీటర్ల కాంతి కంటికి కనపడదు. కంటి కటకం మాత్రం దాన్ని ఒడిసిపట్టి రెటీనా మీద ఒక్క చుక్కగా కుదించేస్తుంది. రెటీనాకి నొప్పి తెలీదు. చూపులో నల్ల చుక్క తేలాకే విషయం తెలిసేది. నేరుగా తగలక్కర్లేదు, గదిలో అద్దం మీదో స్టీలు ట్రే మీదో పడి తిరిగొచ్చినా చాలు. అందుకని గదిలో ఉన్న ప్రతి మనిషికీ ఆ తరంగదైర్ఘ్యం అంకె ముద్రించిన కళ్ళజోడు ఉండాలి. మామూలు నల్ల కళ్ళద్దాలు దీనికి చాలవు. మొహం మీద చేయించుకునేవాళ్ళకి వెలుగు చొరని మూతలు పెట్టాలి, దూది ముక్కలు కాదు. కనుబొమల కింద, కనుగుంట ఎముకకి లోపల అసలు చేయకూడదు. కనుబొమలకి లేజర్ చేయించుకుని కనుపాప ఆకారం మారిపోయినవాళ్ళ కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. మన ఊళ్ళో ‘ఐబ్రో షేపింగ్ బై లేజర్’ అని మెనూ కార్డులో ఉంటుంది, రేటుతో సహా.

హ్యాండ్‌పీస్ పట్టుకున్నది ఎవరు అన్నది తర్వాతి ప్రశ్న, నా దృష్టిలో అసలు ప్రశ్న. బోర్డు మీద డాక్టర్ పేరుంటుంది. మొదటి రోజు పది నిమిషాలు ఆయన కనిపిస్తాడు. తర్వాత తెల్లకోటు వేసుకున్న అమ్మాయి. పాపం ఆ అమ్మాయిది చిన్న జీతం, నేర్పినంత నేర్చుకుంది, మిషన్ అమ్మిన కంపెనీ మనిషి రెండు రోజులు వచ్చి బటన్లు చూపించి వెళ్ళాడు. తప్పు ఆ అమ్మాయిది కాదు, ఆ అమ్మాయిని అక్కడ నిలబెట్టినవాడిది. అమెరికాలో లేజర్ గాయాల మీద కోర్టుకెళ్ళిన కేసుల్ని చర్మవైద్యులు పరిశీలిస్తే, డాక్టర్ కానివాళ్ళు చేసిన కేసుల వాటా 2008 నుంచి 2011 మధ్యలోనే రెట్టింపు దాటింది. మన దగ్గర అలా లెక్కపెట్టాలంటే ముందు కేసులుండాలి. జాతీయ వైద్య కమిషన్ 2022లో, వర్క్‌షాపులో చూసో యూట్యూబ్‌లో చూసో జుట్టు నాటడం లాంటి సౌందర్య చికిత్సలు మొదలెట్టడం కుదరదని చెప్పాల్సి వచ్చింది. అలాంటి మాట ఒక ప్రభుత్వ సంస్థ కాగితం మీద పెట్టిందంటే బయట ఏం జరుగుతోందో ఊహించుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు వైద్య సంస్థలకి 2002 నుంచీ రిజిస్ట్రేషన్ చట్టం ఉంది. దాని కంట పడకుండా ఉండటానికి కొందరు కనిపెట్టిన మాట ‘స్టూడియో’. ఆస్పత్రి అంటే తనిఖీ ఉంటుంది, పార్లర్ అంటే లేజర్ ఎందుకని అడుగుతారు. స్టూడియో అంటే ఫొటోలు తీసేదనుకుంటారు.

ఇప్పుడు సంతకం పెట్టించుకునే కాగితం. నేను చూసిన కన్సెంట్ ఫారాలన్నీ ఇంగ్లీషువే. రెండు పేజీలు, చీమల బారు అక్షరాలు, కుర్చీలో కూర్చోబెట్టి క్రీము రాసేశాక చేతికిస్తారు. ‘బర్న్స్, బ్లిస్టర్స్, హైపర్‌పిగ్మెంటేషన్, హైపోపిగ్మెంటేషన్, స్కారింగ్’ అన్నీ అందులో ఉంటాయి. బోర్డు మీద సేఫ్, ఫారంలో స్కారింగ్. ఒకే సంస్థ రాసిన రెండు రచనలు, ఒకదాన్నొకటి ఖండిస్తూ. మనం ఇన్‌స్టాలేషన్ స్క్రీన్ మీద ‘ఐ అగ్రీ’ నొక్కినట్టే అక్కడ సంతకం పడిపోతుంది. సమీరా కోహ్లీ కేసులో 2008లో సుప్రీంకోర్టు చెప్పిందేంటంటే, చికిత్స ఏంటి, ఎందుకు, వేరే దారులేమున్నాయి, ప్రమాదాలేంటి అన్నవి మనిషికి చాలినంతగా చెప్పాకే ఆ సమ్మతికి విలువ. అర్థంకాని భాషలో అచ్చువేసి సంతకం పెట్టించుకోవడం చెప్పడం ఎలా అవుతుంది?

మగవాళ్ళు ఇందులో లేరనుకోకండి. ఉత్తరాంధ్ర కుర్రాళ్ళకి సైన్యం ఎంత పెద్ద ఆశో మనకి తెలుసు. ఈ ఊళ్ళోనే తూర్పు నౌకాదళం ప్రధాన కార్యాలయం. ముంజేతి లోపలివైపు, అరచేతి వెనకవైపు తప్పిస్తే ఒంటి మీద పచ్చబొట్టు ఉంటే మెడికల్‌లో తీసేస్తారు, గిరిజన సంప్రదాయపు పచ్చబొట్లకి తప్ప. జాతరలో సరదాగా భుజం మీద వేయించుకున్న పేరు, ర్యాలీ నోటిఫికేషన్ రాగానే గుదిబండ అవుతుంది. పచ్చబొట్టు పోవాలంటే ఎన్నో సెషన్లు, ఒక్కోదానికీ మధ్య ఆరు నుంచి ఎనిమిది వారాలు, అంటే ఏడాది పని. వీడికున్నది నలభై రోజులు. ‘ఎక్కువ పవర్ పెట్టి కొట్టండి సార్’ అంటాడు. కొట్టేవాడు దొరుకుతాడు. సిరా పోయినచోట ఉబ్బిన మచ్చ మిగిలితే, మెడికల్‌లో ఆ మచ్చ గురించి కూడా అడుగుతారు. తెలుపు, లేత రంగుల సిరాలు కొన్ని లేజర్ తగలగానే నల్లబడిపోతాయని కూడా వాడికెవరూ చెప్పరు.

పుట్టుమచ్చల గురించి రెండు మాటలు. పదో తరగతి సర్టిఫికెట్‌లో గుర్తింపు చిహ్నాలుగా రాయించుకున్న మచ్చల్ని కూడా ఇప్పుడు తీయించేస్తున్నారు, పులిపిర్లతో కలిపి, ‘ఒకటి తీస్తే ఒకటి ఫ్రీ’ లాంటి ఆఫర్లలో. సర్టిఫికెట్ సంగతి నవ్వుకోవచ్చు. ఈ మధ్య రంగు మారిన మచ్చో, అంచులు చెదిరిన మచ్చో అయితే నవ్వే విషయం కాదు. కార్బన్ డయాక్సైడ్ లేజర్ దాన్ని ఆవిరి చేసేస్తుంది, బయాప్సీకి పంపడానికి ముక్క మిగలదు. అది క్యాన్సరో కాదో ఇక ఎవరూ చెప్పలేరు.

నాకు తెలిసిన చర్మవైద్యురాలు ఒకావిడ ఇది రాస్తున్నానంటే విసుక్కున్నారు. “మీరు భయపెడితే నా దగ్గరికి రావాల్సినవాళ్ళు కూడా రారు. స్టెరాయిడ్ క్రీములు రాసుకుని ఇంట్లోనే మొహం పాడుచేసుకుంటారు” అన్నారు. ఆవిడ మాటలో నిజముంది. మెడికల్ షాపులో చీటీ లేకుండా కొన్న స్టెరాయిడ్ క్రీము వాడి వాడి పల్చబడిన మొహాలు మన ఊళ్ళో ఎన్నో. అలాంటి చర్మం మీద లేజర్ పెడితే ఇంకో ప్రమాదం. అయినా నేను రాయాల్సిందే రాస్తాను. లేజర్ మంచి పనిముట్టు. నా గొడవ ముందే డబ్బు కట్టించుకునే ప్యాకేజీతో. ఆరింటికీ ఒకేసారి కట్టించుకున్నవాడు మూడోసారి మీ మొహం చూసి ‘ఎండకి బాగా నల్లబడ్డారు, నెల ఆగి రండి’ అని ఎందుకంటాడు? స్లాటు ఖాళీ పోతుంది. ఆగమనడం వైద్యం, నింపడం వ్యాపారం. ఏ సెషన్‌కి ఆ సెషన్ డబ్బు కడతాననండి, ఒప్పుకోకపోతే బయటికి రండి.

ఒప్పుకుంటే అడగాల్సినవి అడగండి. మిషన్ పేరూ తరంగదైర్ఘ్యం అంకె అడగండి. ‘లేటెస్ట్ జర్మన్ టెక్నాలజీ’ అనేది అంకె కాదు. డాక్టర్ గారి రిజిస్ట్రేషన్ నంబరు అడిగి మెడికల్ కౌన్సిల్‌లో చూసుకోండి. చర్మవైద్యంలో ఎండీయో డిప్లొమానో ఉందా, పక్షం రోజుల కాస్మెటాలజీ సర్టిఫికెట్టా అన్నది అక్కడ తేలిపోతుంది. చెవి వెనకో దవడ కిందో ముందుగా ఒక చిన్న చోట పరీక్ష చేయించుకుని, వీలైతే కొన్ని వారాలు ఆగి చూడండి. మన చర్మంలో నలుపు ఆలస్యంగా తేలుతుందని చెప్పుకున్నాం కదా. మనం కోడ్‌ని నేరుగా ప్రొడక్షన్‌లో పెట్టం, మొహాన్ని పెడతామా? మొటిమలకి ఐసోట్రెటినోయిన్ మాత్రలు వాడుతున్నా, నోటి చుట్టూ తరచూ జలుబు పొక్కులు వస్తున్నా, గర్భంతో ఉన్నా, గాయాలు ఉబ్బుగా మానే తత్వమున్నా ముందే చెప్పండి. వెళ్ళేటప్పుడు బొట్టు, కాటుక, మేకప్ పూర్తిగా తుడుచుకోవాలి, ఏ రంగైనా వేడిని పట్టుకుంటుంది. ఎండాకాలం, పెళ్ళికి ముందు రెండు మూడు నెలలు అసలు మొదలెట్టొద్దు. తర్వాత సన్‌స్క్రీన్, గొడుగు, చున్నీ. నలుగు పెట్టడానికి వచ్చిన పెద్దవాళ్ళకి ‘డాక్టరు వద్దన్నారు’ అనండి, ఆ ఒక్క మాటకి మన ఇళ్ళలో ఇంకా విలువుంది.

కాలిందా, ధారగా చల్లటి నీళ్ళు పోయండి. ఐసు రుద్దొద్దు, టూత్‌పేస్టు, పసుపు వద్దు. వెలుతురులో ఫొటోలు తీసుకోండి, తేదీతో. అదే క్లినిక్ ఇచ్చే ‘ఫ్రీ కరెక్షన్ సెషన్’కి వెళ్ళకండి. వేరే చర్మవైద్యుల దగ్గరికి వెళ్ళండి, డబ్బుల ఇబ్బంది ఉంటే కేజీహెచ్‌లో చర్మవ్యాధుల విభాగం ఉంది. మీకు ఏ సెట్టింగ్ పెట్టారో రికార్డు ఇమ్మని రాతపూర్వకంగా అడగండి. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని వైద్యుల ప్రవర్తనా నియమావళి 2002 నుంచీ చెబుతోంది. వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళాల్సి వస్తే ఆ కాగితమే పనికొచ్చేది.

కథలూ కవిత్వాలూ అనువదించేవాళ్ళం ఇంతమందిమి ఉన్నాం, ఆ కన్సెంట్ ఫారాన్ని ఒక్కరం తెలుగు చేయలేదు. నా ప్రయత్నం ఇది. ఎవరికైనా నచ్చితే వాడుకోండి, బాగుచేయండి, వెళ్ళబోయే వాళ్ళకి ముందు రోజే పంపండి:

“ఈ మిషన్ వెంట్రుకలోని నలుపుని చూసి కాలుస్తుంది. మీ చర్మంలోనూ అదే నలుపు ఉంది. మీ చర్మం రకం ___. మేం వాడే తరంగదైర్ఘ్యం ___ నానోమీటర్లు. చేసేది ___ గారు, వారి చదువు ___. పరీక్ష చేసిన తేదీ ___, చూసిన తేదీ ___. బొబ్బలు రావొచ్చు. నల్ల మచ్చలు రావొచ్చు, అవి పోవడానికి నెలలు పట్టొచ్చు. తెల్ల మచ్చలు రావొచ్చు, అవి పోకపోవచ్చు. వెంట్రుకలు తగ్గుతాయి, పూర్తిగా పోవు. కొందరికి పెరగొచ్చు. ఇది చేయించుకోకపోతే మీ ఆరోగ్యానికి నష్టమేమీ లేదు. ఆలోచించుకోడానికి ఇంటికి తీసుకెళ్ళండి.”